పాలకేంద్రం చీటీతో లెక్కల పాఠం చెబితే తప్పా?

పోయిన నెల ఇదే శీర్షికలో, టీచర్‌కు తన క్లాసులో ఎంతవరకు స్వేచ్ఛ ఉంది అని ఒక్క మాట రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఎక్కువ భాగం మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచే వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి నాలుగు తీసుకున్నాను. పేర్లు వేయొద్దని నలుగురూ అడిగారు, అందుకే వేయడం లేదు. నేను ముప్పై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో లెక్కలు చెప్పి, చివర్లో హెడ్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ విషయం దగ్గర నాకు మాట కొంచెం వేడిగానే వస్తుంది, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, నేను పలమనేరు దగ్గర ఒక యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూల్లో లెక్కల టీచర్‌ని. ఏడో తరగతికి దశాంశాలు చెప్పేటప్పుడు పిల్లల్ని ఇంట్లో ఉన్న పాలకేంద్రం చీటీలు తెమ్మన్నాను. మా ఊర్లో ఆవు లేని ఇల్లు తక్కువ, అందరూ తెచ్చారు. మూడు రోజులు వాటితోనే పాఠం నడిపాను. నాలుగో రోజు విజిట్‌కు వచ్చిన ఒక అధికారి, క్యాలెండర్ ప్రకారం మీరు రెండు పీరియడ్లు వెనకబడ్డారు, పుస్తకంలో లేనివి క్లాసులోకి ఎందుకు తెచ్చారు అని పిల్లల ముందే అడిగారు. విజిట్ రిజిస్టర్లో కూడా రాసి వెళ్లారు. అప్పటి నుంచి పుస్తకం తప్ప ఇంకేదీ ముట్టుకోవడం లేదు. ఒక చీటీ దీంతో పాటు పంపిస్తున్నాను. అసలు నాకున్న స్వేచ్ఛ ఎంత?

జవాబు: అమ్మా, మీరు తప్పు చేయలేదు. మిగతాది తర్వాత, ముందు ఈ మాట చెప్పాలి.

మీరు పంపిన చీటీ ఇప్పుడు నా ముందే ఉంది. పొద్దున 3.5 లీటర్లు, ఫ్యాట్ 4.1, లీటరు 34 రూపాయలు, మొత్తం 119. సాయంత్రం 3.25 లీటర్లు, ఫ్యాట్ అంతే, రేటూ అంతే, మొత్తం 110 రూపాయల 50 పైసలు. 3.5, 3.25 ఈ రెండిట్లో ఏది ఎక్కువ అని ఏడో తరగతిలో అడిగితే సగం మంది 3.25 అంటారు. ఎందుకురా అంటే, 25 పెద్దది కదా సార్, 5 చిన్నది కదా అంటారు. నా సర్వీసంతా ఈ తప్పును చూశాను. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా, పక్కన సున్నా పెట్టి 3.50 అని రాసి చూపించినా, ఆ రోజుకు తలూపుతారు, వారం తర్వాత పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. అదే పిల్లోడికి ఈ చీటీ ఇచ్చి, సాయంత్రం పాలు ఎక్కువైతే డబ్బులు ఎందుకు తగ్గాయిరా అని అడిగితే ఆగిపోతాడు. వాళ్ల అమ్మ పొద్దున ఎక్కువ పోసిందని వాడికి తెలుసు. అక్కడ వాడి బుర్రలో ఏదో కదులుతుంది చూడండి, మీరు మూడు రోజులు ఖర్చు పెట్టింది దాని కోసమే. ఆ మూడు రోజులు వృథా అయ్యాయని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లలకు ఏం చెప్పాలి, పరీక్ష ఏ పద్ధతిలో జరగాలి అన్నది ప్రభుత్వం నియమించిన విద్యా సంస్థ నిర్ణయిస్తుందని దాని 29వ సెక్షన్ చెబుతుంది. మన రాష్ట్రంలో ఆ పని ఎస్.సి.ఇ.ఆర్.టి.ది. కాబట్టి దశాంశాలు చెప్పాలా వద్దా అన్నది మీ చేతిలో లేదు, నా చేతిలోనూ ఎప్పుడూ లేదు. ఇందులో బాధపడాల్సింది పెద్దగా లేదనుకుంటాను, కుప్పంలో పిల్లోడికీ శ్రీకాళహస్తిలో పిల్లకూ కనీసం ఒకే చదువు అందాలి కదా.

అయితే అదే 29వ సెక్షన్‌ను ఇంకొంచెం కిందికి చదవండి. పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, తామే కనుక్కుంటూ నేర్చుకోవాలని అందులో ఉంది. పాలకేంద్రం చీటీ అంటే అదే. ఇంకోటి 24వ సెక్షన్, ఇది టీచర్ విధుల గురించి. టైముకు రావాలి, చెప్పిన గడువులో సిలబస్ అంతా పూర్తి చేయాలి అని ఉంది, ఆ అధికారి పట్టుకున్నది ఈ ముక్కను. కానీ ఆ వరసలోనే ఇంకో విధి కూడా రాసి ఉంది. ఒక్కొక్క పిల్లవాడికి ఎంత వచ్చిందో అంచనా వేసి, అవసరమైన వాళ్లకు అదనంగా చెప్పాలి. ఈ రెండో ముక్కను విజిట్ రిజిస్టర్లో ఎవరూ రాయరు. నాకు బాధ కలిగించేది అదే. టీచర్ స్వేచ్ఛ అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు. ఉన్నదల్లా బాధ్యత. కానీ ఎవరికి ఏం రాలేదో కనిపెట్టి వాళ్లకు మళ్లీ చెప్పు అని ఒక మనిషి మీద బాధ్యత పెట్టాక, ఎక్కడ ఆగాలి, దేంతో చెప్పాలి, ఎన్ని పీరియడ్లు తీసుకోవాలి అన్నది ఆ మనిషికే వదిలేయాలి. లేకపోతే ఆ పని జరగదు. మన స్వేచ్ఛ మొత్తం ఆ బాధ్యతలోనే ఉందని నేను నమ్ముతాను, అడిగేటప్పుడు కూడా అక్కడ నిలబడే అడగాలి.

1966లో యునెస్కో, ఐ.ఎల్.ఓ. (అంతర్జాతీయ కార్మిక సంస్థ) కలిసి టీచర్ల హోదా గురించి ఒక సిఫారసు పత్రం ఆమోదించాయి. అక్టోబర్ 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం జరిపేది దాని గుర్తుగానే. ఆమోదించిన సిలబస్ పరిధిలో బోధన సామగ్రిని, పద్ధతిని ఎంచుకోవడంలో టీచర్‌దే ముఖ్య పాత్ర ఉండాలని అందులో ఉంది. తనిఖీ అన్నది టీచర్‌కు సాయపడేలా ఉండాలి గానీ చొరవను తగ్గించేలా ఉండకూడదని కూడా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా తమకు బాగా పనిచేసే పద్ధతిలో చెప్పుకునే స్వాతంత్ర్యం టీచర్లకు పెంచాలంటుంది. ఇవేవీ కోర్టులో చూపించి గెలిచే కాగితాలు కావు. కానీ మీరు అడిగేది గొంతెమ్మ కోరిక కాదని చెప్పడానికి పనికొస్తాయి.

ఇప్పుడు ఏం చేయాలంటే, ముందు ఆ రిజిస్టర్లో రాసినదానికి హెడ్‌మాస్టర్ ద్వారా అర పేజీ వివరణ ఇవ్వండి, గొడవ కోసం కాదు, రికార్డు కోసం. అందులో చట్టం గురించి ఎక్కువ రాయొద్దు. చీటీల పాఠానికి ముందు ఎంతమంది 3.25 పెద్దదన్నారు, తర్వాత ఎంతమంది అన్నారు, ఆ రెండు అంకెలు రాయండి చాలు. వచ్చే ఏడాది నుంచి లెసన్ ప్లాన్‌లో టి.ఎల్.ఎం., అంటే బోధన సామగ్రి, దగ్గర ముందే పాలకేంద్రం చీటీ అని రాసుకోండి. ప్లాన్‌లో ఉన్నదాన్ని పుస్తకంలో లేదని ఎవరూ అనలేరు. ఇంకా వీలైతే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఈ పాఠం చేసి చూపించండి. ఒక్కరు చేస్తే తప్పుగా కనిపించేది పదిమంది చేస్తే పద్ధతి అవుతుంది. పుస్తకం తప్ప ఏదీ ముట్టుకోవడం లేదని రాశారు చూడండి, ఆ మాట చదివి నాకు చాలా బాధేసింది. మళ్లీ ముట్టుకోండమ్మా.

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రైవేట్ స్కూల్లో పనిచేస్తున్నాను సార్. మాకు షెడ్యూల్ హెడ్ ఆఫీస్ నుంచి వస్తుంది, ఏ తేదీన ఏ పేజీ అన్నది కూడా అందులోనే ఉంటుంది. అన్ని సెక్షన్లూ ఒకే పేజీలో ఉండాలి. వారం వారం టెస్ట్, పేపర్ కూడా పైనుంచే. మేము దిద్ది మార్కులు ఎక్కించడమే. యావరేజ్ తగ్గితే మీటింగ్‌లో నిలబెట్టి అడుగుతారు. ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలవుతుంది. పాఠం ఎలా చెప్పాలో టీచర్లే నిర్ణయించుకున్న చోటు ఎక్కడైనా నిజంగా ఉందా, లేక ఇదంతా రాసుకోవడానికేనా?

జవాబు: ఉందమ్మా. దూరం కూడా కాదు, మన పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె పక్కన రిషివ్యాలీలో.

అక్కడున్న పెద్ద రిషివ్యాలీ స్కూల్ సంగతి కాదు నేను చెప్పేది, దాని చుట్టుపక్కల పల్లెల్లో నడిచిన చిన్న చిన్న బడుల సంగతి. ఒకే గది, ఒకే టీచర్, నాలుగైదు తరగతుల పిల్లలు. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఆ టీచర్లతో కలిసి పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డో చూపించే చార్టు ఒకటి గోడ మీద ఉంటుంది, దాన్ని నిచ్చెన అంటారు. పిల్లోడు తన మెట్టు ఎక్కడుందో తనే చూసుకుని కార్డు తీసుకుంటాడు. పరీక్ష కూడా ఆ మెట్లలోనే ఒక కార్డుగా ఉంటుంది, వస్తే పైకి వెళ్తాడు, రాకపోతే అదే మెట్టు మీద ఇంకో కార్డుతో ఇంకొంచెం సాధన చేస్తాడు. వారం వారం నిలబెట్టి అడగడం లేదు. కార్డుల్లో పాటలు, కథలు ఆ ఊళ్లవే.

దీన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మైసూరు జిల్లా హెచ్.డి.కోటె నుంచి టీచర్లు వచ్చి చూసుకుని వెళ్లి, 1995లో తమ కన్నడ కార్డులు తామే తయారు చేసుకున్నారు, నలి కలి అనే పద్ధతి అదే. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లో, అక్కడి నుంచి తమిళనాడు అంతటా ఇలాంటి పద్ధతే వెళ్లింది. అయితే నాకు తోచిన ఒక మాట చెప్పాలి. కార్డులు టీచర్లే కూర్చుని రాసుకున్న చోట అది ప్రాణంతో ఉంది. ప్రింటైన పెట్టెలో కార్డులు పెట్టి, రేపటి నుంచి ఇలా చెప్పండి అని సర్క్యులర్‌తో పంపిన చోట టీచర్ పని కార్డులు పంచడం వరకే మిగిలింది. ఎంత మంచి పద్ధతైనా పైనుంచి పేజీ నంబర్‌తో సహా దిగితే మీ హెడ్ ఆఫీస్ షెడ్యూల్ లాంటిదే అవుతుంది.

మీ ఆదివారం టెన్షన్ మీ బలహీనత అనుకోవద్దు. 2005లో పియర్సన్, మూమా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఫ్లోరిడా టీచర్లను అడిగి చూశారు. ఏం చెప్పాలి, ఏ వరసలో చెప్పాలి అన్నదాని మీద టీచర్‌కు పట్టు ఎక్కువగా ఉన్నకొద్దీ ఉద్యోగంలో ఒత్తిడి తక్కువగా కనిపించింది. దీనికి పరిశోధన కావాలా అంటారేమో, ఒక్కోసారి కావాలి, మనం చెబితే సాకు అనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి.

మీ విషయంలో అసలు చిక్కు వేరే ఉంది, దాన్ని దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ప్రభుత్వ టీచర్‌ను ఒక అధికారి కోప్పడినా ఉద్యోగం ఉంటుంది. మీకు వచ్చే నెల జీతానికే గ్యారంటీ లేదు. ఉద్యోగానికి భద్రత లేని మనిషికి పద్ధతి ఎంచుకో అని సలహా ఇవ్వడం సులువు. 29వ సెక్షన్ గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్లకూ వర్తిస్తుంది, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చదువు సాగాలని అందులోనే ఉంది, కానీ ఆ మాట పట్టుకుని మీరొక్కరే మేనేజ్‌మెంట్‌తో పోరాడమని నేను చెప్పను. అందుకని చిన్నది చెబుతాను. టెస్ట్ వాళ్లదే కానివ్వండి. దిద్దిన పేపర్లు మీ చేతిలో ఉంటాయి కదా. మార్కులు ఎక్కించేసిన తర్వాత, ఎక్కువమంది తప్పు రాసిన ఒక్క ప్రశ్నను తీసుకుని, మరుసటి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు దాని మీద పెట్టండి. షెడ్యూల్ ఏమీ పాడవదు. పక్క సెక్షన్ టీచర్‌తో మాట్లాడుకుని ఇద్దరూ చేయండి. రెండు నెలల తర్వాత యావరేజ్ కదిలితే, ఆ పది నిమిషాలు షెడ్యూల్‌లోనే రాసి ఇమ్మని అడగడానికి మీ దగ్గర కారణం ఉంటుంది.

ప్రశ్న: అయ్యా, నాది చిత్తూరు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. మావాడు పదో తరగతి. వాళ్ల సోషల్ సారు నోట్స్ రాయించడు, గైడ్ కొనొద్దంటాడు. 2025 సీజన్‌లో తోతాపురి కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అన్నారు కదా, ఆ లెక్క పట్టుకుని రైతుకు ఎంత చేతికొచ్చిందో ఇంట్లో అడిగి రాసుకు రమ్మన్నాడంట. మావాడు నన్ను కూర్చోబెట్టి గంటసేపు అడిగినాడు. బాగానే ఉంది, కానీ వాళ్ల మామ కొడుకు చదివే స్కూల్లో ఇప్పటికే పాఠానికి 20 ప్రశ్నలు రాయించి బట్టీ పట్టించేసినారు. సార్లకు ఇట్లా స్వేచ్ఛ ఇస్తే మా పిల్లోళ్ల మార్కులు ఏమి కావాల?

జవాబు: మీ భయం న్యాయమైనదే. పదో తరగతి 600 మార్కులు పిల్లోడి మీద ఎంత బరువుగా ఉంటాయో నాకు తెలుసు, దాన్ని చిన్నది చేసి మాట్లాడను.

మీ వాడి సారు చేసింది పాఠం బయటిది మాత్రం కాదు. తోట ప్రాథమిక రంగం, గుజ్జు తీసే ఫ్యాక్టరీ ద్వితీయ రంగం, లారీ, కోల్డ్ స్టోరేజీ, మండీ కమీషన్ సేవారంగం, ఇదంతా వాళ్ల పుస్తకంలో ఆర్థిక వ్యవస్థ రంగాలన్న పాఠమే. 2024–25 నుంచి పదో తరగతి సోషల్‌కు జాతీయ స్థాయి సంస్థ ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు వచ్చాయి, దాంతో ఏళ్ల తరబడి దాచుకున్న పాత నోట్సులు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. మిమ్మల్ని గంటసేపు అడిగి రాసుకున్న పిల్లోడు ఆ పాఠంలో ప్రశ్న ఎటు తిప్పి అడిగినా నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తాడు. అది నేను చూసిన విషయం.

కానీ స్వేచ్ఛ అంటే జవాబు చెప్పక్కర్లేదని కాదు. ఈ మాట మా టీచర్లకే ఎక్కువ చెప్పాలి. కొన్నేళ్లు మన రాష్ట్రంలో పదో తరగతిలో 80 మార్కులకు పబ్లిక్ పరీక్ష, 20 మార్కులు స్కూల్లోనే టీచర్ వేసేవి ఉండేవి, గుర్తుందా? పిల్లోడి ప్రాజెక్టు చూసి, చదివింది విని, ఏడాదంతా గమనించి టీచర్ వేయాల్సిన మార్కులవి. మూల్యాంకనంలో టీచర్ మాటకు అంత విలువ అంతకుముందు లేదు. ఏం జరిగింది? చాలా చోట్ల అందరికీ 20కి 20 వేసేశారన్న విమర్శ వచ్చింది, 2019–20 నుంచి వాటిని తీసేశారు. నేను పనిచేసిన ఒక బడిలో కూడా రికార్డులు చూస్తే ముప్పైమంది ప్రాజెక్టు ఒకే చేతిరాతలో ఉంది. సంతకం పెట్టింది నేనే. పక్క బడి వేస్తోంది, మన పిల్లలు నష్టపోకూడదు అనుకున్నాను. ఆ రోజు నేను ఆపి ఉండాల్సింది, ఇప్పటికీ ఆ షీట్లు కళ్ల ముందు కదులుతాయి. ఆ 20 మార్కులు పోయినప్పుడు ప్రభుత్వాన్ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను గానీ, వాటిని పోగొట్టుకోవడంలో మా వాటా మాకు ఉంది.

ఫిన్లాండ్‌లో టీచర్లకు అంత స్వేచ్ఛ ఎలా ఇచ్చారని కొందరు అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. అక్కడ టీచర్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, తనిఖీలు 1990ల మొదట్లోనే తీసేశారు, దేశమంతటికీ ఒకే పరీక్ష అన్నది మన ఇంటర్ లాంటి చదువు చివర్లోనే వస్తుంది. కానీ అక్కడ కూడా దేశానికంతా ఒక మూల పాఠ్యప్రణాళిక ఉంది. వాళ్లు టీచర్ తయారీ మీద పెట్టినంత శ్రమ మనం పెట్టకుండా మిగతాది మాత్రం కావాలంటే కుదరదు.

మీరు చేయాల్సింది ఏమిటంటే, పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లి ఆ సారును నేరుగా, మర్యాదగా అడగండి. నెలకు ఒక్కసారైనా పబ్లిక్ పరీక్ష మోడల్‌లో, టైము పెట్టి రాయిస్తారా? రాసిన పేపర్ ఇంటికి పంపిస్తారా? ఇది అడిగే హక్కు మీకు ఉంది, తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడటం ఆయన విధుల్లో కూడా ఉంది. రాయిస్తానంటే ఇక ఆయన్ను ఆయన దారిలో చెప్పనివ్వండి. కుదరదు అంటే అప్పుడు మీ అనుమానం సరైనదే, హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి. ఇంకోటి, మీ తోట లెక్క మీ వాడు ఏం రాశాడో అడిగి చదివించుకోండి, మీకూ బాగుంటుంది.

ప్రశ్న: ఇటీవలే డీఎస్సీలో సెలెక్ట్ అయి శ్రీకాళహస్తి వైపు ప్రైమరీ స్కూల్లో చేరాను సార్. ఎఫ్.ఏ. (ఫార్మేటివ్), ఎస్.ఏ. (సమ్మేటివ్) పరీక్షలు షెడ్యూల్ ప్రకారం జరుగుతాయి కదా, అవి కాకుండా నా సొంతంగా చిన్న టెస్టులు పెట్టుకోవచ్చా? పాత టీచర్లు ఎందుకు తలనొప్పి అంటున్నారు. పైగా యాప్‌లో ఎక్కించే పనులకే టైము సరిపోతోంది.

జవాబు: పెట్టుకోవచ్చు నాన్నా, ఎవర్నీ అడగక్కర్లేదు. పైన పలమనేరు మేడమ్‌కు చెప్పిన 24వ సెక్షన్ చదువు, ఒక్కొక్క పిల్లవాడికి ఎంత వచ్చిందో తెలుసుకోవడం నీ విధి.

యాప్ సంగతి మాత్రం నాకూ కోపమే. బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ చెబుతూ, జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు ఈ మూడిటినే మినహాయించింది. ఫోటోలు తీసి ఎక్కించడం ఈ మూడిట్లో ఎక్కడా లేదు. కానీ ఇది కొత్తగా చేరిన నువ్వు ఒంటరిగా తేల్చే విషయం కాదు, సంఘాలు మాట్లాడాలి.

నీ టెస్టుకు మార్కులు పెట్టొద్దు, రిజిస్టర్ పెట్టొద్దు, అప్పుడు తలనొప్పి ఉండదు. పీరియడ్ చివర్లో ఐదు నిమిషాలు చాలు. ఒకే ఒక్క ప్రశ్న బోర్డు మీద రాయి, చిన్న కాగితం మీద జవాబు రాసి ఇవ్వమను, పేరు రాయమని మర్చిపోకుండా చెప్పు. ఆ కాగితాల్ని ఇంటికి కూడా తీసుకెళ్లక్కర్లేదు, స్టాఫ్ రూమ్‌లో టీ తాగేలోపు మూడు కట్టలు చేయొచ్చు. వచ్చినవాళ్లు ఒక కట్ట, దారి తెలిసి మధ్యలో తప్పినవాళ్లు ఒకటి, అసలు మొదలే పెట్టలేనివాళ్లు ఒకటి. మొదటి నెల ఈ మూడో కట్ట చూసి నీకు దిగులేస్తుంది, అందరికీ అంతే, నాకూ అలాగే ఉండేది. ఆ కట్టలో ఉన్న పేర్లు నీ డైరీలో మరుసటి రోజు పేజీలో రాసుకో. పొద్దున ప్రార్థన అయ్యాక క్లాసులోకి వెళ్లగానే ముందు వాళ్ల దగ్గర కూర్చో.